టి. రంగనాథన్

తంజావూరు రంగనాథన్ (1925–1987) కర్ణాటక సంగీతంలో పేరున్న మృదంగ విద్వాంసులు, అధ్యాపకులు. వీణ ధనమ్మాళ్‌కు మనవడు, నాట్య కళాకారిణి బాలసరస్వతికి తమ్ముడు, వేణు విద్వాంసులు టి. విశ్వనాథన్‌కు అన్న. మృదంగంలో పళని సుబ్రమణ్య పిళ్లై శిష్యులు. 1963లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం, మిడిల్‌టౌన్ పట్టణంలో ఉన్న వెస్లియన్ విశ్వవిద్యాలయంలో బోధకులుగా చేరారు. ప్రపంచ దేశాల సంగీతాలను ఆయా సంప్రదాయాల విద్వాంసుల చేతనే నేర్పించాలని ఆ విశ్వవిద్యాలయం తలపెట్టిన కార్యక్రమానికి తొలి ఆస్థాన కళాకారులు ఆయనే. కచేరీ వేదికల మీద ఆయన స్థానం పెద్దదే. అయినా సంగీత చరిత్రలో ఆయన్ను ప్రత్యేకంగా నిలిపేది మరొకటి: గురువు ఇంట్లో ఏళ్ల తరబడి కూర్చుని, వింటూ చూస్తూ పట్టుకునే విద్యను, కర్ణాటక సంగీతం చెవిన పడకుండా పెరిగిన యువతకు తరగతి గదిలో ఎలా అందించాలో ఆయన చేసి చూపారు.

కుటుంబం

రంగనాథన్ మద్రాసులో పుట్టారు. తల్లి జయమ్మాళ్ గాయని. అమ్మమ్మ ధనమ్మాళ్ (1867–1938) వీణ వాయిస్తూ తానే పాడే విదుషి. జార్జిటౌన్‌లోని ఆమె ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు జరిగే గోష్ఠికి నగరంలోని పెద్ద విద్వాంసులు వచ్చి కూర్చునేవారు. తంజావూరు ఆస్థానంతో సంబంధం ఉన్న నర్తకీమణుల, గాయనీమణుల వంశం వారిది. పేరు ముందున్న ‘తంజావూరు’ ఆ సంబంధాన్ని చెప్పేదే. గాయనీమణులు బృంద, ముక్త జయమ్మాళ్ సోదరి కామాక్షి కూతుళ్లు. అక్క బాలసరస్వతి (1918–1984) ఇరవయ్యో శతాబ్దపు భరతనాట్యంలో అగ్రశ్రేణి కళాకారిణి. తమ్ముడు విశ్వనాథన్ (1927–2002) వేణువు పట్టారు. నాట్యం, గాత్రం, వేణువు, వీణ, మృదంగం అన్నీ ఒకే కుటుంబంలో ఉండటం రంగనాథన్ జీవితాన్ని చివరిదాకా నడిపించిన విషయం.

ఈ కుటుంబం కాపాడిన పాటల నిధిలో తెలుగు వాటా చాలా పెద్దది. మువ్వగోపాల ముద్రతో క్షేత్రయ్య రాసిన పదాలకు ధనమ్మాళ్ బాణీని నేటికీ ప్రమాణంగా చెప్పుకుంటారు. ధర్మపురి సుబ్బరాయర్ తెలుగు జావళీలు కూడా ఈ ఇంటి ద్వారా ప్రచారంలోకి వచ్చాయి. పదం విలంబ కాలంలో సాగుతుంది. చాలా పదాలు మిశ్రచాపులో గానీ త్రిపుటలో గానీ ఉంటాయి. పల్లవిలో ఒక్కో మాట మీద రాగం నిలిచి, కదిలి, మళ్లీ నిలుస్తుంది. అక్కడ మృదంగం చేతివాటం చూపిస్తే పాట చెడిపోతుంది. మాట ఎక్కడ ఆగిందో, అభినయం ఎక్కడ సాగుతోందో గమనించి, అవసరమైన చోట మాత్రమే వాయించాలి. ఇటువంటి పాటల మధ్య పెరిగినవాడికి ఎప్పుడు ఊరుకోవాలన్నది ముందుగా అబ్బే విద్య.

గురువు, పుదుక్కోట బాణీ

రంగనాథన్ గురువు పళని సుబ్రమణ్య పిళ్లై (1908–1962). పాల్ఘాట్ మణి అయ్యర్, రామనాథపురం మురుగభూపతిలతో కలిపి ఆయన్ను మృదంగ త్రిమూర్తుల్లో ఒకరుగా లెక్కిస్తారు. పళని శిష్యుల తొలి వరుసలో రంగనాథన్ ఉన్నారు.

మృదంగ వాదనలో రెండు ప్రధాన సంప్రదాయాలను చెబుతారు. తంజావూరు బాణీ పాట నడకను అంటిపెట్టుకుని సాగుతుంది. పుదుక్కోట బాణీకి మూలపురుషుడు మాన్‌పూండియా పిళ్లై. ఆయన లయ నేర్చుకున్నది మారియప్ప అనే తవిల్ (డోలు) విద్వాంసుని దగ్గర. కాబట్టి ఈ బాణీలో తవిల్ నుంచి వచ్చిన లెక్కల పదును కనిపిస్తుంది. కంజీర అనే చిన్న చేతి చర్మవాద్యాన్ని కచేరీ వాద్యంగా నిలబెట్టిందీ మాన్‌పూండియా పిళ్లైయే. ఆయన శిష్యుల్లో దక్షిణామూర్తి పిళ్లై, పళని ముత్తయ్య పిళ్లై ముఖ్యులు. ముత్తయ్య పిళ్లై కుమారుడే సుబ్రమణ్య పిళ్లై.

పళనిది ఎడమచేతి వాటం. కుడిచేతి వారు మృదంగం వాయించేటప్పుడు కుడి మూత సభికుల వైపు ఉండేలా గాయకుడికి ఒక పక్కన కూర్చుంటారు, వయొలిన్ మరో పక్కన ఉంటుంది. ఎడమచేతి వాటం వారు వాయించాలంటే ఈ వరుస తారుమారు కావాలి. వయొలిన్ విద్వాంసులు తమ చోటు మార్చుకోవడానికి ఒప్పుకోక, పళనికి తొలినాళ్లలో కచేరీలు దక్కడం కష్టమయింది. గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ పట్టుబట్టి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని పైకి తెచ్చారు. పళని వాదనలో రసికులు మొదట చెప్పుకునేది నాదం. ఎడమ మూత మీద మణికట్టు జారుస్తూ పలికించే గుంకీ గొంతుతో పాడినట్టుగా ఉండేది. పుదుక్కోట లెక్క, పాటను మించని సంయమనం ఆయనలో కలిశాయి. రంగనాథన్ అందుకున్నది ఈ కలయికను.

మద్రాసు కచేరీ జీవితం

చిన్న వయసులోనే వేదిక ఎక్కిన రంగనాథన్ గాత్రానికి, వాద్యానికి, నాట్యానికి ఒకేలా పక్కవాద్యం అందించగలవారిగా పేరు తెచ్చుకున్నారు. విశ్వనాథన్ వేణువుకు, బాలసరస్వతి నాట్యానికి ఆయన మృదంగం సహజమైన తోడు.

నాట్యానికి మృదంగం వాయించడం కచేరీలో వాయించడం కంటే వేరే పని. నట్టువాంగం తాళాలు, జతుల ఉచ్చారణ, నర్తకి పాదం, గాత్రం నాలుగింటి మీదా చెవి, కన్ను ఉండాలి. జతి సాగుతున్నంతసేపు పాదం పలికే ప్రతి అక్షరాన్నీ మృదంగం పలకాలి. పదం మొదలవగానే వెనక్కి తగ్గాలి. సంగీతానికి, నాట్యానికి హద్దు గీయకుండా పెంచిన ఇల్లు కాబట్టి రంగనాథన్‌కు ఈ మార్పిడి ఇబ్బంది కాలేదు. తరవాతి రోజుల్లో ఆయన దగ్గర నేర్చిన అమెరికా విద్యార్థులు భరతనాట్యానికి కూడా వాయించగలిగేవారు కావడానికి కారణం ఇదే.

అమెరికా పిలుపు

1950ల చివరలో రాబర్ట్ ఇ. బ్రౌన్ (1927–2005) అనే అమెరికన్ సంగీత పరిశోధకుడు మద్రాసు వచ్చి రంగనాథన్ దగ్గర మృదంగం నేర్చుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మ్యాంటిల్ హుడ్ నడుపుతున్న పరిశోధన విభాగానికి చెందినవారాయన. ఏ సంగీతాన్ని పరిశోధిస్తున్నారో ఆ సంగీతాన్ని పాడటమో వాయించటమో వచ్చి తీరాలన్నది హుడ్ నియమం. పాఠాలు, వాటి వెనకనున్న సూత్రాలు కలిపి బ్రౌన్ దక్షిణ భారత మృదంగం మీద సమర్పించిన సిద్ధాంత గ్రంథం 1965లో వెలువడింది. మృదంగం గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి సమగ్ర అధ్యయనాల్లో అదొకటి. అందులో పాఠాలకు ఆధారం రంగనాథన్ బోధనే.

అదే కాలంలో విశ్వనాథన్ ఫుల్‌బ్రైట్ వేతనం మీద 1958లో లాస్ ఏంజెలెస్ వెళ్లి రెండేళ్లు ఉన్నారు. 1961లో టోక్యోలో జరిగిన ప్రాక్పశ్చిమ సంగీత సమ్మేళనంలో బాలసరస్వతి నాట్యం చేశారు. 1962లో అమెరికాలో ప్రసిద్ధమైన జేకబ్స్ పిల్లో నాట్యోత్సవంలో ఆమె ప్రదర్శన అక్కడి విమర్శకులను కదిలించింది. ఆ కుటుంబ కళను అమెరికాకు పరిచయం చేయాలన్న ఆసక్తి ఉన్న శామ్యూల్, లూయిస్ స్క్రిప్స్ దంపతులు 1963లో ప్రాచ్య కళల కోసం అమెరికన్ సొసైటీ ఫర్ ఈస్టర్న్ ఆర్ట్స్ అనే సంస్థను స్థాపించారు.

1961లో వెస్లియన్‌లో అధ్యాపకుడిగా చేరిన బ్రౌన్ అక్కడ కొత్త సంగీత విద్యా ప్రణాళిక మొదలుపెట్టారు. అమెరికా ఆదివాసుల సంగీతం మీద పనిచేసిన డేవిడ్ మెక్‌ఆలెస్టర్ అప్పటికే అక్కడున్నారు. ‘వరల్డ్ మ్యూజిక్’ అన్న మాటను విద్యారంగంలో వ్యాప్తిలోకి తెచ్చినవారుగా బ్రౌన్‌ను చెబుతారు. ఆ పేరుతో నడిచే విభాగంలో భారతీయ సంగీతాన్ని భారతీయుడే నేర్పాలి అన్న ఆలోచనతో ఆయన తన గురువునే పిలిపించారు.

వెస్లియన్‌లో

1963 నాటి అమెరికా పరిస్థితి వేరు. 1946 నాటి చట్టం కింద భారతదేశం నుంచి ఏటా 100 మందికి మాత్రమే వలస అనుమతి ఉండేది. ఆ హద్దును తొలగించిన చట్టం 1965లో గానీ రాలేదు. ఊరూరా ఆలయాలు, తెలుగు తమిళ సంఘాలు, పిల్లలను సంగీతం పాఠాలకు పంపే తల్లిదండ్రులు అప్పటికి లేరు. రంగనాథన్ ఎదుట కూర్చున్న విద్యార్థులు దాదాపు అందరూ అమెరికన్లు. వాళ్లలో పాశ్చాత్య సంగీతం, జాజ్, తబలా వినికిడి ఉన్నవాళ్లు ఉండవచ్చు గానీ, తాళం వేస్తూ కీర్తన విన్న అనుభవం మాత్రం ఎవరికీ లేదు.

తొలి విద్యార్థుల్లో జాన్ బి. హిగ్గిన్స్ (1939–1984) ఒకరు. వెస్లియన్‌లో బ్రౌన్, రంగనాథన్‌ల తరగతుల్లో ఆయనకు కర్ణాటక సంగీతంతో పరిచయం కలిగింది. తరవాత ఫుల్‌బ్రైట్ వేతనం మీద మద్రాసు వెళ్లి విశ్వనాథన్ దగ్గర గాత్రం నేర్చుకున్నారు, బాలసరస్వతి మార్గదర్శకత్వంలో నాట్య సంగీతాన్ని అధ్యయనం చేశారు. తిరువైయారు త్యాగరాజ ఆరాధనలో పాడి, రసికుల చేత ‘హిగ్గిన్స్ భాగవతార్’ అనిపించుకున్నారు. మృదంగం మేష్టారి తరగతిలో మొదలైన ఆసక్తి ఒక గాయకుణ్ణి తయారుచేసింది.

1970ల తొలి ఏళ్లలో రంగనాథన్ కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో బోధించారు. అప్పుడు విశ్వనాథన్ కూడా అక్కడే ఉన్నారు. 1975లో విశ్వనాథన్ వెస్లియన్ నుంచి రాగాలాపన మీద డాక్టరేట్ పొంది అక్కడే అధ్యాపకులయ్యారు. రంగనాథన్ కూడా 1970ల మధ్యలో మళ్లీ వెస్లియన్ చేరి, 1987లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశారు. ఆ దశాబ్దంలో ఒకే విభాగంలో తమ్ముడు గాత్రం, వేణువు, అన్న మృదంగం, సొల్లుకట్టు నేర్పడం వల్ల విద్యార్థులకు విడి పాఠాలకు మించినది దక్కింది. పక్క గదిలో నేర్చిన పాటకు ఈ గదిలో నేర్చిన తాళం జోడించి చూసుకునే వీలు కలిగింది. శరదృతువులో నవరాత్రి ఉత్సవం జరుపుకోవడం వెస్లియన్‌లో ఆ కాలంలో మొదలై ఏటేటా కొనసాగుతోంది.

బోధనా విధానం

మృదంగం పాఠం సంప్రదాయంగా ‘త ది తొం నం’ అనే నాలుగు అక్షరాలతో మొదలవుతుంది. కుడిచేతి వేళ్లు ఎక్కడ తగలాలి, ఎడమ అరచేయి ఎలా పడాలి అన్నవి గురువు చూపుతారు. శిష్యుడు నెలల తరబడి వాటినే మూడు కాలాల్లో సాధన చేస్తాడు. తాళజ్ఞానం విడిగా నేర్పే పని ఉండదు. ఇంట్లో, గుడిలో, సభలో విన్న పాటల వల్ల అది ఒంట్లోనే ఉంటుంది.

మిడిల్‌టౌన్‌లో ఆ పునాది లేదు. విద్యార్థులందరి చేతికీ తలొక మృదంగం ఇవ్వడమూ కుదిరే పని కాదు. దానికి రంగనాథన్ సంప్రదాయంలోనే ఉన్న సాధనాన్ని ముందుకు తెచ్చారు: సొల్లుకట్టు. అంటే మృదంగ జతులను చేత్తో తాళం వేస్తూ నోటితో పలకడం. వాద్యం నేర్వడానికి తోడుగా ఉండే ఈ అభ్యాసాన్ని ఆయన ఇరవై మంది ఒకేసారి కూర్చుని చేయగల పూర్తిస్థాయి తరగతిగా మలిచారు. వాద్యం వాయించాలన్న ఉద్దేశం లేని స్వరకర్తలు, గాయకులు, నాట్య విద్యార్థులు కూడా దీని ద్వారా లయలోకి ప్రవేశించగలిగారు.

ముందు నాలుగు అక్షరాల ‘తకదిమి’, మూడక్షరాల ‘తకిట’, అయిదుకు ‘తకతకిట’, ఏడుకు ‘తకిటతకదిమి’ వస్తాయి. ఈ మాటలను తాళం మీద ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలంలో పలకాలి. చేయి మాత్రం ఒకే వేగంలో పడుతుండాలి. ఆదితాళంలో చేయి కుదిరాక రూపకం, మిశ్రచాపు, ఖండచాపు వస్తాయి.

ఇందులోని లెక్క ఎలా పనిచేస్తుందో చిన్న ముక్తాయింపులో, అంటే మూడుసార్లు పలికి ముగించే జతిలో చూడవచ్చు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు (నాలుగు అక్షరాల లఘువు, రెండేసి అక్షరాల రెండు ద్రుతాలు), అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున 32 మాత్రలు. ‘తదిగిణతొం’ అనే అయిదు మాత్రల మాటను మూడుసార్లు పలికి, మధ్యలో రెండుచోట్ల ఒక్కో మాత్ర విరామం ఇస్తే మొత్తం 17 మాత్రలు. అది సరిగ్గా ఆవర్తనం (తాళపు ఒక చుట్టు) చివర ముగిసి తరవాతి సమానికి, అంటే మొదటి దెబ్బకు చేరాలంటే 15 మాత్రలు గడిచాక, 16వ మాత్ర మీద ఎత్తుకోవాలి. అంటే లఘువులోని చివరి అక్షరం పూర్తి కావడానికి ఒక్క మాత్ర ముందు. చేయి ద్రుతానికి దిగకముందే నోట ‘త’ పడిపోతుంది. అక్కడి నుంచి నోటి మాట చేతి దెబ్బకు ఎదురు నడిచి, సమం దగ్గర మళ్లీ కలుస్తుంది. కొత్తవాళ్లు చేతిని నోటి వెంట లాక్కెళ్లేది ఇక్కడే. చేతిని కదలనీయకుండా ఈ ముక్తాయింపును పలకగలిగినవాడికి తాళం పట్టుబడినట్టే. లెక్క కాగితం మీద అర నిమిషంలో అర్థమవుతుంది, ఒంటికి పట్టడానికి వారాలు పడుతుంది. పాశ్చాత్య సంగీత శిక్షణ ఉన్న విద్యార్థికి నొటేషన్ చూసి వాయించడం అలవాటు కనుక, ఆ అలవాటును పక్కనపెట్టించే పని కూడా సొల్లుకట్టు చేసింది.

తరవాతి మెట్టు తని ఆవర్తనం. కచేరీలో మృదంగం ఒంటరిగా వినిపించే ఈ భాగానికి కట్టుదిట్టమైన క్రమం ఉంది. నడకలు విస్తరించడం, గతి మార్చడం, ఇద్దరు లయ విద్వాంసులుంటే వంతులు వేసుకుని క్రమంగా తగ్గిస్తూ రావడం, మోహరా అనే నిర్ణీత లయ రచన, చివర మూడుసార్లు వచ్చే కోర్వై అనే ముగింపు రచన. పక్కవాద్యం నేర్పడం వీటన్నిటికంటే కష్టం. దానికి పాటలు తెలియాలి. త్యాగరాజ కీర్తనలో అనుపల్లవి ఎక్కడ పైకి లేస్తుందో, చిట్టస్వరం ఎక్కడ ముగుస్తుందో తెలియనివాడు ఎన్ని కోర్వైలు నేర్చినా కచేరీలో వాయించలేడు. అందుకే వెస్లియన్‌లో గాత్రం, మృదంగం పక్కపక్కన నడవడానికి అంత ప్రాధాన్యం వచ్చింది.

వాద్యం సంరక్షణ

దేశం మారితే వాద్యంతో కొత్త తలనొప్పులు వస్తాయి. మృదంగం కట్టె సాధారణంగా పనసది. రెండు వైపులా చర్మపు మూతలు, వాటిని బిగించే తోలు వార్లు. కుడి మూత మధ్యన నల్లరాయి పొడిని అన్నంతో కలిపి పొరలు పొరలుగా రుద్ది ఆరబెట్టిన గుండ్రని పూత ఉంటుంది. మూత స్పష్టమైన శ్రుతిలో పలకడానికి అదే కారణం. ఎడమ మూతకు కచేరీకి ముందు రవ్వను నీళ్లతో తడిపి ముద్దగా అద్దుతారు, అయ్యాక గీకేస్తారు. ఎంత ముద్ద పెట్టాలన్నది చేతికి తెలియాలి: ఎక్కువైతే నాదం మొద్దుబారుతుంది, తక్కువైతే గుంకీ పలకదు.

చర్మం గాలిలోని తేమను బట్టి మారుతుంది. చలికాలంలో హీటర్లు పెట్టిన గదుల్లో గాలి పొడిబారి మూత బిగుస్తుంది, శ్రుతి పైకి పోతుంది. మద్రాసులో అయితే మూత మార్చడానికి, వార్లు బిగించడానికి పనివాళ్లు అందుబాటులో ఉంటారు. అమెరికాలో ఆ రోజుల్లో వాద్యం పాడైతే నేర్చుకునేవాళ్లే ఏదో ఒకటి చేసుకోవాలి, లేదంటే మద్రాసు నుంచి తెప్పించుకోవాలి. నోటితో పలికే విద్యకు ఈ బాధలేవీ లేవు. సొల్లుకట్టు తరగతి అంత బాగా పాదుకోవడానికి ఇదీ ఒక కారణం.

రికార్డులు

1960, 70 దశకాల్లో అమెరికాలో నన్‌సచ్ సంస్థ వివిధ దేశాల సంగీతాన్ని ఎల్‌పీ రికార్డులుగా విడుదల చేసింది. వాటిలో రామ్నాడ్ కృష్ణన్ గాత్ర రికార్డు ‘విద్వాన్’లో వి. త్యాగరాజన్ వయొలిన్, వి. నాగరాజన్ కంజీరలతో పాటు మృదంగం రంగనాథన్‌ది. రామ్నాడ్ కృష్ణన్ ఆ రోజుల్లో వెస్లియన్‌లో కొంతకాలం బోధించారు. విశ్వనాథన్ వేణువు, ఎల్. శంకర్ వయొలిన్‌తో వచ్చిన ‘పల్లవి’ రికార్డులోనూ రంగనాథన్ వాయించారు. పాశ్చాత్య శ్రోతల్లో ఒక తరం మృదంగాన్ని ఈ రికార్డుల్లోనే మొదటిసారి విన్నది. రామ్నాడ్ కృష్ణన్‌ది నెమ్మదైన, భావప్రధానమైన గానం. ఆయన పక్కన పళని శిష్యుడి పొదుపైన వాదన ఎలా అమరిందో ‘విద్వాన్’లో వినవచ్చు.

శిష్యులు, అనంతర పరంపర

రంగనాథన్ అమెరికా శిష్యుల్లో ఆయన పనిని ఎక్కువగా ముందుకు తీసుకెళ్లినవారు డేవిడ్ నెల్సన్. 1975 నుంచి వాదన, బోధన సాగిస్తున్న నెల్సన్ తని ఆవర్తనం మీద పరిశోధించి 1991లో వెస్లియన్ నుంచి డాక్టరేట్ పొందారు. అక్కడే ఆస్థాన కళాకారులుగా గురువు చేసిన పనినే చేపట్టారు. వెస్లియన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన ఆయన ‘సొల్కట్టు మాన్యువల్’ (2008), దాని తరవాతి మెట్టుగా, జతులను కచేరీ స్థాయిలో నోటితో పలికే కొన్నక్కోల్ కళ మీద వచ్చిన ‘కొన్నక్కోల్ మాన్యువల్’ (2019) రంగనాథన్ తరగతి సంప్రదాయాన్ని పాఠ్యపుస్తకాల్లోకి తెచ్చాయి.

రంగనాథన్ తెరిచిన దారిలో ఉత్తర అమెరికాకు వెళ్లి బోధించిన మృదంగ విద్వాంసులు పలువురు. రామ్నాడ్ కృష్ణన్ సోదరుడు రామ్నాడ్ రాఘవన్ వెస్లియన్‌లో నేర్పారు. గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయక్రంలతో ఏర్పడిన ‘శక్తి’ బృందపు తొలి ఆల్బంలో మృదంగం ఆయనదే. 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనకు అంకురం వేసినవారిలోనూ ఆయన ఒకరు. అమెరికాలోని తెలుగు, తమిళ కుటుంబాల పిల్లలు పంచరత్న కీర్తనలు కలిసి పాడే ఆ ఉత్సవం నేడు ఆ దేశంలో కర్ణాటక సంగీతానికి అతి పెద్ద వేదిక. మణి అయ్యర్ శిష్యులు పాల్ఘాట్ రఘు (1928–2009) వెస్లియన్‌లోనూ శాన్‌డియాగోలోనూ ఆహ్వాన అధ్యాపకులుగా పనిచేశారు.

వీరిలో రంగనాథన్‌తో పోల్చి చూడదగినవారు తిరుచ్చి శంకరన్. 1942లో పుట్టిన శంకరన్ కూడా పళని శిష్యులే. 1971లో కెనడాలోని టొరంటోలో యార్క్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, వెస్లియన్ నుంచి వచ్చిన హిగ్గిన్స్‌తో కలిసి భారతీయ సంగీత విభాగాన్ని నెలకొల్పారు. మృదంగ లయ సూత్రాల మీద 1994లో, కొన్నక్కోల్ మీద 2010లో పుస్తకాలు వెలువరించారు. 2011కు మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. శంకరన్ మద్రాసు కచేరీ సీజన్‌ను వదలకుండా రెండు చోట్లా నిలిచారు, పాశ్చాత్య తాళవాద్య బృందాలతో, ఇండొనేషియా వాద్యబృందం గమెలాన్‌తో కలిసి పనిచేశారు. రంగనాథన్ జీవితం మాత్రం ఎక్కువగా తరగతి చుట్టూ, కుటుంబం చుట్టూ తిరిగింది. ఇద్దరి దారులూ వేరు. పుదుక్కోట బాణీకి ఉత్తర అమెరికాలో రెండు విశ్వవిద్యాలయ కేంద్రాలు ఏర్పడింది మాత్రం ఒకే గురువు ఇద్దరు శిష్యుల వల్ల.

అంచనా

విదేశాలకు వెళ్లిన సంగీతకారుల కథ చెప్పేటప్పుడు సాధారణంగా పెద్ద వేదికలు, జుగల్‌బందీలు, పాశ్చాత్య తారలతో కలిసిన రికార్డులు ముందుకు వస్తాయి. రంగనాథన్‌ను ఆ లెక్కలో తూచడం కుదరదు. ఆయన పనికి కొలత ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు: మృదంగం మీద ఇంగ్లీషులో తొలి సమగ్ర అధ్యయనాల్లో ఒకటి రాసిన బ్రౌన్, గాయకుడైన హిగ్గిన్స్, పాఠ్యపుస్తకాలు రాసిన నెల్సన్.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. విదేశీ సంగీతకారుల్లో సొల్లుకట్టు నేడు ఎంత వ్యాపించిందంటే, పాటతో సంబంధం లేకుండా లెక్కల కసరత్తుగా మాత్రమే దాన్ని తీసుకునేవారు ఎక్కువయ్యారు. జాజ్ డ్రమ్మర్లు, స్వరకర్తలు కోర్వైని విడిగా విప్పి తమ సంగీతంలో వాడుకుంటారు. ఆ లెక్కకు కట్టుబడి ఉన్న రాగం, సాహిత్యం వారి దాకా చేరవు. పదాలు పాడే ఇంట్లో పెరిగిన మనిషి నేర్పిన విద్యకు ఇది అసంపూర్ణ వారసత్వం అనే చెప్పాలి. అయితే ఆ లోటు ఆయన పద్ధతిది కాదు. గాత్రం పక్కన పెట్టి మృదంగం నేర్పాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే విభాగంలో ఉన్నంతకాలం వెస్లియన్ విద్యార్థి మిశ్రచాపు తాళం వేస్తూనే, అందులో సాగే క్షేత్రయ్య పదాన్నీ విన్నాడు. విదేశంలో లయ నేర్పదలచిన ఏ సంస్థకైనా రంగనాథన్ అనుభవం చెప్పేది ఇదే: మృదంగం గురువుతో పాటు పాట నేర్పే గురువునూ పిలిపించుకోవాలి.